గొలుసులు విప్పే గుట్ట

ఏడో భాగం

పోయిన వారం సుందరలక్ష్మిని మనం పెరట్లో, విడిగా పెట్టుకున్న కిరసనాయిలు స్టవ్ ముందు వదిలి వచ్చాం. మూడు తరాలుగా ఆ ఇంట్లోకి కోడిగుడ్డు అడుగుపెట్టలేదు. అలాంటిది ఆదివారం తెల్లవారగానే ఆమె తన చేత్తో రెండు గుడ్లు ఉడకబెట్టి, పెంకు ఒలిచి, టిఫిన్ డబ్బాలో పెరుగన్నం మీద పెట్టుకుంది. అదంతా రూబీ కోసం.

రూబీ పోలీసు కుక్క. తొమ్మిదేళ్లు దొంగల వాసన పట్టి, వయసు మీరి, ఉద్యోగం నుంచి తప్పుకుంది. సుందరలక్ష్మి భర్త గోవిందయ్యకు కర్నూలు పాతబస్తీలో నూనెల వ్యాపారం. గోడౌనుకు కాపలా ఉంటుందని అర్జీ పెట్టుకుని దాన్ని ఇంటికి తెచ్చాడు. వచ్చిన రోజు నుంచీ అది తిండి ముట్టలేదు. పెరుగన్నం, పాలు, బిస్కెట్లు, ఏది పెట్టినా వాసన చూసి తల పక్కకు తిప్పుకుని గోడవైపు పడుకునేది. నీళ్లు మాత్రం తాగేది. ఆకలి మరీ ఓర్చుకోలేని రోజున ఎవరూ చూడనప్పుడు నాలుగు గుక్కలు పాలు నాకేది. ఇరవై ఆరు రోజుల్లో దాని పక్కటెముకలు బయటపడ్డాయి. పశువుల డాక్టరు కళ్యాణ్ రక్తం తీసి పరీక్ష చేయించాడు. జబ్బేమీ లేదన్నాడు. జబ్బు లేకుండా ఎందుకు చిక్కిపోతోందో మాత్రం ఆయనా చెప్పలేకపోయాడు.

ఇంకో సంగతి కూడా సుందరలక్ష్మిని నిద్రపోనివ్వడం లేదు. ఆదివారం ఆదివారం రూబీని ట్యాంకు గుట్టకు తీసుకుపోతే, అది కాసేపు కనబడకుండా పోయి, మూతి నాక్కుంటూ తిరిగి వచ్చేది. పోయిన ఆదివారం ఆమె ట్యాంకు వెనక్కి వెళ్లి వెతికితే జిడ్డు మరకలున్న పేపరు ముక్క ఒకటి దొరికింది. అదే వారం ఊళ్లోనే బీ క్యాంపు వీధుల్లో రెండు కుక్కలు ఎవరో పెట్టిన విషం తిని నురగలు కక్కి చచ్చిపోయాయి. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె చేతులు ఆడలేదు. గోవిందయ్య మాత్రం తేల్చి చెప్పేశాడు. ఈ ఆదివారమే ఆఖరు. ఈరోజూ తినకపోతే, రేపు పొద్దున్నే ఎక్కడినుంచి తెచ్చామో అక్కడే అప్పగించి రావడం. మన ఇంట్లో చచ్చిందన్న పాపం మనకెందుకన్నాడు.

మారుతీ వ్యాను గుట్ట కింద ఆగింది. గోవిందయ్య మోకాళ్ల నొప్పులని పైకి రాలేదు, పేపరు విప్పుకుని డ్రైవరు సీట్లోనే ఉండిపోయాడు. సుందరలక్ష్మి ఒక చేతిలో గొలుసు, ఒక చేతిలో టిఫిన్ డబ్బాతో మెట్లెక్కింది. పది మెట్లకొకసారి రూబీ ఆగేది. అది ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగి, తనకే ఆయాసం వచ్చినట్టు కొంగుతో మొహం తుడుచుకునేది.

గుట్ట పైన మునిసిపాలిటీ వాళ్లు ఎప్పుడో వదిలేసిన నీళ్లట్యాంకు ఉంది. చుట్టూ రెండెకరాల బండనేల, దాని చుట్టూ ఇనుపతీగల కంచె. ఊళ్లో కుక్కలు పెంచుకునే పదిహేనిరవై మంది కలిసి, డాక్టరు కళ్యాణ్ చేత అర్జీ పెట్టించి, ఆదివారాలు పొద్దున రెండు గంటలపాటు ఆ చోటును వాడుకునేలా అనుమతి తెచ్చుకున్నారు. అక్కడ ఉన్నది ఒకటే నియమం. గేటు లోపలికి వచ్చిన కుక్క మెడలో గొలుసు ఉండకూడదు. కాపలాదారు బొజ్జన్న గది గోడకు వరసగా మేకులు కొట్టి ఉంటాయి. ఎవరి గొలుసు వాళ్లు విప్పి మేకుకు తగిలించి, కుక్కను వదిలేయాలి. వారమంతా గేట్లకూ కిటికీలకూ కట్టేసి ఉండే కుక్కలు ఆ రెండు గంటలు బండల మీద పడి ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతుంటే, వాటి యజమానులు కూడా హోదాలు మరిచిపోయి నిలబడేవారు. అక్కడినుంచి చూస్తే కొండారెడ్డి బురుజు, దాని వెనక తుంగభద్ర ఇసుక, పొద్దుటి ఎండలో తేటగా కనబడతాయి. సుందరలక్ష్మి ఆ రోజు ఏదీ చూడలేదు.

గొలుసు మేకుకు తగిలించి, రూబీ మెడ నిమిరి వదిలింది. మిగతా కుక్కలు ఆడుకుంటున్న వైపు అది కన్నెత్తి చూడలేదు. ముక్కు పైకెత్తి గాలి పీల్చి, నేరుగా ట్యాంకు వెనక్కి నడిచింది. పది మెట్లకొకసారి ఆగిన కుక్క ఇక్కడ ఎక్కడా ఆగలేదు. సుందరలక్ష్మి చెప్పులు విడిచి చేత పట్టుకుని, చప్పుడు కాకుండా పాత పంపుగది గోడ వెంబడి నడిచి, మూల నుంచి తొంగి చూసింది.

ట్యాంకు నీడలో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్లు ఉంటాయి. తెల్లచొక్కా, తల మీద తువాలు. పేపరు పొట్లం విప్పి జొన్నరొట్టె తుంచి, నేల మీద పరిచిన ఆకులో పెట్టాడు. రూబీ దాని ముందు నిలబడింది. నోటినుంచి చొంగ కారుతున్నా ముట్టుకోలేదు. అతను వంగి దాని చెవిలో ఏదో అన్నాడు. మరుక్షణం రూబీ ఆకు మీద పడి ఆత్రంగా తినడం మొదలుపెట్టింది.

ఎలా వెళ్లిందో సుందరలక్ష్మికే తెలియదు. చేతిలోని చెప్పుతో అతని చేతిలో ఉన్న పొట్లాన్ని కొట్టింది. రొట్టెముక్కలు, రెండు కోడిమాంసం తునకలు బండ మీద చెల్లాచెదరయ్యాయి.

"యెవరప్పా నువ్వు? ఏం పెడతాండావు దానికి?"

అతను లేచి పారిపోలేదు. ఎదురు మాట అనలేదు. ఆమె మొహం వంకా, చేతిలోని చెప్పు వంకా చూసి, కింద పడిన రొట్టెముక్క ఒకటి ఏరుకుని, మట్టి దులిపి, తన నోట్లో వేసుకుని నమిలాడు. మింగి, ఇంకో ముక్క తీసుకున్నాడు. అదీ తిన్నాడు. అప్పుడు కానీ సుందరలక్ష్మికి అతను ఏం చెబుతున్నాడో అర్థం కాలేదు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించింది.

కేక విని బొజ్జన్న కర్ర పట్టుకుని వచ్చాడు. అతన్ని చూసి కర్ర దించేశాడు. ఈయప్ప పోలీసాయనేనమ్మా, హనుమన్న అంటారు, ప్రతి ఆదివారం పొద్దు పొడవక ముందే వచ్చి కూర్చుంటాడు, ఎవరి జోలికీ పోడు అని చెప్పాడు. గేటు దగ్గర రెండు కుక్కలు కొట్లాడుకుంటున్న చప్పుడు వినబడితే మళ్లీ అటు పరుగెత్తాడు.

"తొమ్మిదేండ్లు దీనికి కూడు పెట్టినోణ్ణి నేనేనమ్మా" అన్నాడు హనుమన్న. "మూడు నెలల పిల్లప్పుడు నా చేతికిచ్చినారు."

తర్వాత అతను చెప్పిందంతా సుందరలక్ష్మి నిలబడే విన్నది. దొంగలు విషం పెడతారని, పోలీసు కుక్కలకు పిల్లప్పుడే ఒక కట్టుబాటు నేర్పుతారు. పెంచినవాడు మాట ఇస్తేనే తినాలి. ఎదురుగా బిర్యానీ పెట్టినా, మూడు రోజుల ఆకలి మీద ఉన్నా, ఆ మాట వినకుండా మూతి పెట్టకూడదు. మిగతావాళ్లు అందరికీ తెలిసిన హిందీ మాట ఏదో వాడతారు. హనుమన్న మాత్రం తన సొంత మాట నేర్పాడు. ఆ మాట అతనికి, రూబీకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇరవై ఆరు రోజులు సుందరలక్ష్మి కళ్ల ముందు తిరిగాయి. అర్ధరాత్రి లేచి కుక్క ఊపిరి ఆడుతోందో లేదో చూసుకోవడం, అహోబిలం నరసింహస్వామికి మొక్కుకోవడం, ఇరుగుపొరుగు ముక్కు మూసుకుంటున్నా పెరట్లో గుడ్లు ఉడకబెట్టడం.

"అంటే ఆ మాట నువ్వు మాకు చెప్పింటే, ఇది మొదటి రోజే తినేది."

"తినేదమ్మా."

"మరి యెందుకు చెప్పల్యా?"

హనుమన్న తల మీది తువాలు తీసి చేతిలో నలుపుకున్నాడు.

"తినకపోతే వాపసు ఇస్తారనుకుంటి."

ఆ మాట అన్నాక అతను ఇక దేన్నీ దాచుకోలేదు. కుక్కను తనకే ఇమ్మని అడగాలని ఉన్నా, అప్పుడు ఉన్నది మేడమీద ఒంటిగది. ఆ ఇంటి యజమాని కుక్కంటే కుదరదన్నాడు. పెరడున్న ఇల్లు వెతుక్కుని పరుగెత్తి పోయేసరికి, గోవిందయ్య పేరు మీద కాగితాలు అయిపోయి ఉన్నాయి. వారానికొకసారి తన చేత్తో పెడితే ప్రాణం నిలబడుతుంది, విసిగిపోయి వాళ్లే తెచ్చి అప్పగిస్తారు అని లెక్క వేసుకున్నాడు. ప్రతి ఆదివారం చెప్పేద్దామనే వచ్చేవాడు. చెప్పకుండానే పోయేవాడు. పోయిన వారం మెట్లు దిగుతూ రూబీ వెనకకాళ్లు తడబడటం చూశాడు. ఇంటికి పోయి పెళ్లాం అంజనమ్మతో చెప్పుకుంటే, ఆమె అన్నం పళ్లెం అతని ముందు పెట్టి, దాని నోరు కట్టేసి నువ్వెట్ల తింటావు, ఈ ఆదివారం చెప్పి రా, చెప్పకపోతే ఈడికి రావద్దు అన్నదట.

"నువ్వు పెంచిన దాన్ని నువ్వే ఎండగట్టినావు గదప్పా" అన్నది సుందరలక్ష్మి. గొంతు పెంచి అనలేదు. "నేను పరాయిదాన్ని. నాకే ముద్ద దిగల్యా."

హనుమన్న తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. పోలీసు మనిషి ఏడవడం సుందరలక్ష్మి అంతకుముందు చూడలేదు. ఎంత తిట్టాలని వచ్చిందో అదంతా నోట్లోనే ఆగిపోయింది. కోపం ఇంకా ఉంది. కానీ ఆ కోపం కింద ఇంకేదో కదిలింది. జబ్బు కాదు. విషం కాదు. తన చేతిలో దోషం లేదు, తన ఇంట్లో దోషం లేదు. ఒక్క మాట, అంతే. ఆ సంగతి మనసుకు ఎక్కేసరికి ఆమె ట్యాంకు కట్ట మీద అలాగే కూలబడింది. నెల రోజులుగా గుండె మీద ఉన్న రాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. నవ్వొచ్చింది, దాంతో పాటే కన్నీళ్లూ వచ్చాయి.

రూబీ రెండు వైపులా చూసింది. హనుమన్న కాళ్ల దగ్గర ఒక్క క్షణం నిలబడి, నడిచి వచ్చి, సుందరలక్ష్మి మోకాలి మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఆమె బియ్యం ఏరుతుంటే అది అలాగే పడుకుంటుంది. సుందరలక్ష్మికి అది అలవాటే కాబట్టి దాని చెవులు నిమురుతూ ఉండిపోయింది. హనుమన్న మాత్రం తువాలు దించి ఆ దృశ్యాన్నే చూస్తున్నాడు.

ఆమె వ్యాపారస్తుల ఇంటి కోడలు. ఎదుటివాడికి తెలియని సంగతి తన దగ్గర ఉన్నప్పుడు దాన్ని ఎలా వాడుకోవాలో చూసి చూసి పెరిగింది. అయినా ఆ పొద్దు దాచలేకపోయింది.

"ఒక మాట చెప్తా విను. ఈ పొద్దు తినకపోతే రేపు వాపసు ఇచ్చేస్తాననినాడు మా ఆయన. నువ్వు ఈ పొద్దు కూడా నోరు మూసుకొనింటే నీ పని అయిపోయేది. ఇప్పటికీ నీ ఇష్టమే. ఆ మాట యేందో నాకు తెలీదు."

గుట్ట అవతలి వైపు కుక్కలు మొరుగుతున్నాయి. ఎవరో ఈల వేసి పిలుస్తున్నారు. హనుమన్న చాలాసేపు కంచె వైపు చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ రూబీని చూశాడు. అది కళ్లు తెరవలేదు.

"ఉణ్ణు అనల్లమ్మా" అన్నాడు.

"ఏమి?"

"ఉణ్ణు. తిను అని. మాది కోసిగి సైడు. ఆడ కన్నడం కలిసే ఉంటాది. మా యమ్మ నన్ను పిలిచి కూడు పెట్టేటప్పుడు అనేది. నాకు ఆ మాటే నోటికొచ్చింది. దీనికీ అదే నేర్పించినా."

సుందరలక్ష్మి టిఫిన్ డబ్బా మూత తీసింది. గుడ్డు సగానికి తుంచి అరచేతిలో పెట్టి, రూబీ ముందు చాచి, ఉణ్ణు అన్నది. రూబీ కళ్లు తెరిచి గుడ్డును చూసింది. ఆమెను చూసింది. తర్వాత తల తిప్పి హనుమన్నను చూసింది. ముట్టుకోలేదు. ఆమె మళ్లీ అన్నది. రూబీ హనుమన్న వైపే చూస్తోంది.

నేనుంటే తినదమ్మా అన్నాడతను. చెప్పులు తొడుక్కుని, వీపు తిప్పి, ట్యాంకు మలుపు దాటి నడిచాడు. రూబీ లేచి నాలుగడుగులు వేసింది. అతను వెనక్కి తిరగలేదు. అతని తెల్లచొక్కా గోడ చాటుకు పోయాక కూడా అది చెవులు నిక్కబొడుచుకుని అలాగే నిలబడింది. సుందరలక్ష్మి కదలలేదు. చాచిన చెయ్యి దించలేదు. ఇంట్లో మనవరాలికి ముద్ద కలిపి పెట్టేటప్పటి గొంతుతో, తొందర లేకుండా, మూడోసారి అన్నది.

"ఉణ్ణు, రూబీ."

రూబీ వెనక్కి వచ్చింది. ఆమె అరచేతిలో మూతి పెట్టింది. మెత్తగా, పళ్లు తగలకుండా గుడ్డు తీసుకుని మింగింది. మిగతా సగం. రెండో గుడ్డు. ఆ తర్వాత డబ్బా అడుగున ఉన్న పెరుగన్నం మొత్తం. తడి నాలుక తన చేతి గీతలన్నీ తుడిచేస్తుంటే సుందరలక్ష్మి ఆ చేతిని అలాగే ఉంచుకుంది. మడి, మైల ఏదీ గుర్తుకు రాలేదు.

కాసేపటికి ఆమె గొంతెత్తి పిలిస్తే హనుమన్న మలుపు దగ్గర కనబడ్డాడు. ఖాళీ డబ్బా ఎత్తి చూపించింది. అతను తల ఊపాడు. మొహంలో దిగులూ ఉంది, నెల రోజులకు మొదటిసారి నిద్రపట్టబోయే మనిషి నెమ్మదీ ఉంది. దగ్గరికి వచ్చి దూరంగానే కూర్చున్నాడు.

కావాలంటే నువ్వే తీసుకుపో, మా ఆయనకు నేను చెబుతానన్నది సుందరలక్ష్మి. అంటున్నప్పుడు ఆమె చెయ్యి రూబీ మెడ మీదే ఉంది. హనుమన్న వద్దన్నాడు. తాను డ్యూటీకి, అంజనమ్మ పనికి పోతే అది పగలంతా గొలుసు మీదే ఉండాలి, మీ ఇంట్లో అయితే పక్కన మనిషి ఉంటుంది అన్నాడు. అట్లయితే ఇక ట్యాంకు వెనక దాక్కోవద్దని, ఆదివారం ఆదివారం గేటు ముందు నుంచే రమ్మని, అంజనమ్మను కూడా తీసుకురమ్మని ఆమె గట్టిగా చెప్పింది. తొమ్మిదేళ్ల ముచ్చట్లు అతను ఒక్కొక్కటే చెప్పాడు. ఎండాకాలం రూబీ తడిగోనె మీద తప్ప పడుకోదు. ఉరుములంటే భయం. ఎడమచెవి వెనక గోకితే కాలు ఆడిస్తుంది. సుందరలక్ష్మి గోకి చూసింది. నిజంగానే ఆడించింది. ఇద్దరూ నవ్వారు.

నవ్వుతున్న అతని మొహం చూస్తుంటే ఆమెకు ఏదో తట్టింది.

"నిన్ను యాడో చూసినా అనుకుంటాండా. మా ఇంటికొచ్చినావు గదప్పా, ఖాకీ డ్రస్సులో. మా నగలు పోయినప్పుడు."

రెండేళ్ల కిందటి మాట అది. సుందరలక్ష్మి పుట్టింటివాళ్లు పెట్టిన కాసులపేరు, నాలుగు జతల గాజులు బీరువాలోంచి పోయాయి. తాళం పగలగొట్టిన ఇనపకడ్డీ అక్కడే పడి ఉంది. పోలీసులు కుక్కను లోపలికి తెచ్చేముందు ఆడవాళ్లందరినీ పక్కింటికి పంపించారు. సాయంత్రం గోవిందయ్య వచ్చి, కుక్కకు వాసన అందలేదట, వీధి మలుపులో వదిలేసిందట అని చెప్పాడు. నగలు దొరకలేదు. పదకొండేళ్లుగా ఇంట్లో పనిచేస్తున్న నాగక్క మీదికి అనుమానం పోయింది. ఒక్క మాటా అడగకుండానే సుందరలక్ష్మి ఆమెను పని మానిపించేసింది.

ఆ కుక్క రూబీయేనా అని అడిగి, అవునంటే, ఆమె దాని వీపు తట్టి ఎగతాళిగా అన్నది.

"అన్నీ కనిపెడతావంట. మా ఇంటికాడికొచ్చేసరికి మాత్రం నీకు దారి దొరకల్యా."

హనుమన్న నవ్వు ఆగిపోయింది. తనను చెప్పుతో కొట్టబోయినప్పుడు కూడా రాని మార్పు అతని మొహంలో వచ్చింది.

"దొరకలేదని యెవరు చెప్పినారమ్మా?"

"మా ఆయన."

"దీన్ని అంత మాట అనొద్దమ్మా. తొమ్మిదేండ్లలో ఒక్కసారి గూడా దారి తప్పలేదు ఇది. ఆ పొద్దు ఇనపకడ్డీ వాసన చూపిస్తే వీధిలోకి పోనే పోలేదు. మీ మేడమెట్లెక్కి, మీ ఆయన మంచం కాడికి పోయి కూర్చున్యాది. రిపోర్టులో అట్లే రాసినాము. మరసటి రోజు ఆయనే వచ్చి కంప్లయింటు వాపసు తీసుకున్యాడు. మీకు తెలుసనుకుంటి."

సుందరలక్ష్మి చెయ్యి రూబీ వీపు మీదే ఆగింది.

ట్యాంకు మలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ఎంతకీ దిగి రాలేదని మోకాళ్లు పట్టుకుంటూ, ఆయాసపడుతూ గోవిందయ్య స్వయంగా పైకెక్కి వచ్చాడు. ఖాళీ డబ్బా, రూబీ మూతికి అంటిన పెరుగు చూడగానే ఆయన మొహం వెలిగింది.

"తిన్యాదా? నిజంగా తిన్యాదా?"

ఆ తర్వాతే ఆయన పక్కనున్న మనిషిని చూశాడు. ముందుకు వేసిన అడుగు వేసినట్టే ఉండిపోయింది. హనుమన్న లేచి నిలబడి, అలవాటు కొద్దీ నమస్కారం పెట్టాడు. గోవిందయ్య చేతులు పైకి లేవలేదు.

సుందరలక్ష్మి మూతపెట్టిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని, కట్ట మీద తన పక్కన చోటు చూపించింది.

"రాండి, కూర్చోండి" అన్నది. "ఇప్పుడే మీ మాట వచ్చింది."